సొంటిగెడ్డకు ఇవతల

నేను ఒక తాపీని. తాపీ అనగానే అంచు అరిగి, పిడి చెమటకు నల్లబడి, ఎండిన సిమెంటు పెచ్చులు అంటుకున్న ఇనుప ముక్క మీకు గుర్తొస్తుంది. జాతి అదే గాని నా బతుకు వేరు. నాది వెండి రేకు. టేకు పిడి మీద లతలు చెక్కారు. పడుకోవడానికి ఎర్ర మఖమల్ పరిచిన పెట్టె ఉండేది. ఇన్ని హంగులుండి నువ్వు కట్టిందేమిటని మాత్రం అడక్కండి, సిగ్గేస్తుంది.

నన్ను గుమ్మిడివలస బజారులో ఒక కంసాలి చేశాడు. ఆ ఊరి కాంట్రాక్టర్లు నలుగురూ చేరి, కొత్తగా గెలిచిన ఎమ్మెల్యేగారికి కానుక ఇవ్వాలని చేయించారు. రేకు మరీ పల్చగా ఉంది, సిమెంటు ఎత్తితే వంగిపోదా అని వాళ్ళలో ఒకడికి అనుమానం వచ్చింది. కంసాలి నన్ను అటూ ఇటూ తిప్పి చూపించి, "దీంతో గోడలెవుడు కడతాడు బావూ, పెట్టిలో ఎట్టుకోడానికే కదా" అన్నాడు. మహానుభావుడు, నా జాతకం ఆ పూటే రాసేశాడు.

నా ఉద్యోగం శంకుస్థాపనలు. షామియానా వేస్తారు, గొయ్యి తవ్వుతారు, పంతులుగారు మంత్రాలు చదువుతారు, స్టీలు పళ్ళెంలో తడిపిన సిమెంటు పట్టుకొస్తారు. ఎమ్మెల్యేగారు నా కొసతో చిటికెడు తీసి రాతికి రాస్తారు. చప్పట్లు, ఫొటోలు. నన్ను శుభ్రంగా తుడిచి పెట్టెలో పెట్టేస్తారు. ఆ తర్వాత అక్కడ బడి లేచిందో, ఆస్పత్రి లేచిందో, తుమ్మచెట్టు లేచిందో నాకు తెలిసేది కాదు. మూత పడిపోయేది కదా.

మా ఎమ్మెల్యేగారి పేరు ముంజేటి లక్షుమునాయుడు. ముప్పై దాటిన వయసులో మొదటిసారి గెలిచి, ఎనభై దాటాక కూడా శాసనసభలో అదే తెల్లపంచెతో కూర్చునేవారు. పార్టీలు మారాయి, జెండా రంగులు మారాయి, రాజధాని కూడా మారింది. ఆయన ఓడిపోవడం మాత్రం ఎవరూ చూడలేదు. ఏ దుర్మార్గుడో అయ్యుంటాడని మీరు అనుకుంటారేమో. అదే నా బాధ. దుర్మార్గుడైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది. పిలవని పెళ్ళికి కూడా వెళ్ళి అక్షింతలు వేసేవారు. చావు కబురు వింటే అన్నం ముందునుంచి లేచిపోయేవారు. ఎవరింటి ఎద్దు పేరేమిటో కూడా గుర్తుండేది. అరుగు మీదికి వచ్చినవాళ్ళు టీ తాగాకే వాళ్ళ పనేమిటో అడిగేవారు. అసెంబ్లీలో నోరు విప్పింది తక్కువ. ఇక్కడ మాత్రం ఆయన నోట మంచి మాట వినకుండా వెనక్కి వెళ్ళినవాడు లేడు.

ఆయనకున్న భయం ఒక్కటే. సొంటిగెడ్డ.

మా వైపు వాగును గెడ్డ అంటారు. గుమ్మిడివలసను ఆనుకుని సొంటిగెడ్డ పారుతుంది, దానికి అవతల నీలాడవలస. వానాకాలం వస్తే ఆ ఊరికి లోకంతో సంబంధం తెగిపోతుంది. లక్షుమునాయుడికి ముందున్న ఎమ్మెల్యే ఓట్లడగడానికి జనం భుజాలెక్కి ఆ గెడ్డ దాటి, ఆ ఎన్నికలోనే చిత్తుగా ఓడిపోయాడు. అంతకు ముందాయన దాటొచ్చిన ఏడాదే మంచాన పడి పోయాడు. దాంతో సొంటిగెడ్డ దాటిన నాయకుడికి పదవి దక్కదని ఊళ్ళో ఒక మాట పుట్టింది. మొదటిసారి నామినేషను వేసే పొద్దున లక్షుమునాయుడి తల్లి ఆయన చేత ఒట్టు వేయించుకుంది, ఆ గెడ్డ దాటనని. దాటలేదు, గెలిచారు. మళ్ళీ గెలిచారు. గెలిచినకొద్దీ మనిషికి ధైర్యం పెరగాలి కదండీ. ఈయనకు భయం పెరిగింది.

రెండోసారి గెలిచాక ఆ గెడ్డ మీద వంతెనకు శంకుస్థాపన చేశారు, ఇవతలి ఒడ్డునే. నీలాడవలస వాళ్ళంతా నడుంలోతు నీళ్ళలో దాటుకుని వచ్చారు. వాళ్ళలో పైడమ్మ అనే చిన్న వయసు కోడలు ఒకామె, చంకలో పాపతో, తడిచీర పిండుకుంటూ ముందుకొచ్చింది.

"గెడ్డ దాటకండా ఎలిపోతన్నారేటి బావూ? మా ఊరు ఓపాలి సూడండి" అంది.

లక్షుమునాయుడు పాప బుగ్గ పుణికి, పేరేమిటని అడిగారు. నూకాలట. "మిమ్మల్ని ఈ గెడ్డ దాటించే పూచీ నాదమ్మా. వంతెనెక్కే వస్తాను. అందరికంటే ముందు నేనే నడిచొచ్చి, మీ ఇంట గంజి తాగుతాను" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పైడమ్మ కూడా పాప చేతులు పట్టుకుని కొట్టించింది.

తిరిగి వస్తుంటే కారులో ఆయన నా పెట్టెను ఒళ్ళో పెట్టుకుని మూత తీస్తూ మూస్తూ కూర్చున్నారు. చివరికి డ్రైవరుతో, "నోరు జారేనురా. వంతెన లేస్తే మొదట నడవాల్సింది నేనే" అన్నారు. నిజమే, వంతెన ఎవరు ప్రారంభిస్తే వాళ్ళే రిబ్బను కత్తిరించి అవతలి ఒడ్డుదాకా నడవాలి. అది ఆనవాయితీ. ఆ యేడు వంతెనకు వచ్చిన నిధులు కల్యాణమండపానికి వెళ్ళాయి. మండపం చాలా బాగుంటుందట.

నీలాడవలస ఆడవాళ్ళు ఆ శంకుస్థాపన రాయికి పసుపు రాసి బొట్టు పెట్టడం మొదలెట్టారు. రాయికి కోపం వస్తే వంతెన రాదని వాళ్ళు నమ్మారు. అటు వాళ్ళ నమ్మకం, ఇటు ఈయన నమ్మకం, మధ్యలో నీళ్ళు.

ఏళ్ళు గడిచాయి. ఆ చంకలో పాప నూకాలు పెద్దదై, పెళ్ళై, కానుపుకు పుట్టింటికి వచ్చింది. శ్రావణంలో ముసురు పట్టింది. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి గెడ్డ ఒడ్డుదాకా తెచ్చారు. అవతల దించి, నీళ్ళు తగ్గుతాయని కూర్చున్నారు. గుమ్మిడివలస ఆస్పత్రి మేడ అక్కడికి కనిపిస్తుంది. కనిపిస్తూనే ఉంది, నూకాలు పోయింది. ఆ ఒడ్డున పుట్టిన ఆడపిల్ల బతికింది.

ఏ చావుకూ వెళ్ళడం తప్పని లక్షుమునాయుడు ఆ చావుకు ఇవతలి ఒడ్డుదాకా వచ్చి ఆగిపోయారు. అప్పటికి గెడ్డ పొంగు తీసేసింది, నీళ్ళు చీలమండ లోతే. కండువా చేతిలో పట్టుకుని, అవతల లేచే పొగకు దండం పెట్టి, కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళు దొంగవి కావు, కారులో మూత తీసిన పెట్టెలోంచి నేను చూశాను. కారెక్కాక కూడా ఏడ్చారు. ఎన్నికల ముందు రెండో శంకుస్థాపన పెట్టించారు, మొదటి రాయి పక్కనే. ఈసారి పైడమ్మ వచ్చింది గాని చప్పట్లు కొట్టలేదు. చంకలో మనవరాలు ఉంది. దాని పేరు వరాలు.

మూడోది ఆయన కోరుకున్నది కాదు. పైనుంచి ఏదో రోడ్ల పథకం వచ్చింది. నిధులు మళ్ళించే వీలు లేకపోయింది. రాయి వేయక తప్పలేదు, వేశారు. ఇంజనీర్లు వచ్చారు, స్తంభాలు లేచాయి, పైన శ్లాబు పడింది. నా జన్మలో మొదటిసారి నేను ముట్టిన పని పైకి లేవడం కారు అద్దంలోంచి చూసి మురిసిపోయాను. వెర్రిదాన్ని.

అవతలి ఒడ్డు ఎత్తు, అక్కడ వంతెన నేలకు ఆనింది. ఇవతలి ఒడ్డు పల్లం. ఇక్కడ వంతెన కొస మేడంత ఎత్తున గాలిలో ఆగిపోయింది. మట్టి పోసి ఏటవాలుగా రోడ్డు దించాలి. ఆ నేల లక్షుమునాయుడిదే. ఇస్తానని సభలో చెప్పారు. సంతకం మాత్రం పెట్టలేదు.

"పెట్టీ నాన్నా. మంచి పేరొస్తాది" అన్నాడు కొడుకు కన్నంనాయుడు ఒకరోజు కారులో.

"పెడితే ప్రారంభోత్సవం ఉంటాది. ఎవరు నడవాలి?"

కొడుకు కిటికీ వైపు తిరిగాడు. అతనికీ వచ్చేసారి టికెట్టు కావాలి.

నీలాడవలస వాళ్ళు కొన్నాళ్ళు చూసి, వంతెన కొసకు వెదురు నిచ్చెన కట్టుకున్నారు. పాలబిందెలతో, పుస్తకాల సంచులతో, మేకపిల్లలతో ఆ నిచ్చెన దిగేవారు. ముసలివాళ్ళు ఆ వెదుళ్ళను కరుచుకుని వెనక్కి వెనక్కి దిగేవారు. పిల్లలకది ఆటగా ఉండేది.

ఇంతలో లక్షుమునాయుడికి జబ్బు చేసింది. పట్నం డాక్టర్లు పెదవి విరిచి ఇంటికి పంపించేశారు. హాల్లో, నన్ను పెట్టిన అద్దాల బీరువాకు ఎదురుగా పడకకుర్చీ వేసుకుని పడుకునేవారు. అరుగు మీద జనం పల్చబడ్డారు. కొత్త గుమ్మం ఎక్కడో వెతుక్కున్నారు కాబోలు. జ్యేష్ఠం ముగుస్తుండగా ఒక పొద్దున పైడమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది, నడుం వంగలేదు. కింద కూర్చోబోతే ఆయన కుర్చీ చూపించారు. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడింది.

"మనవరాలికి నెలలు నిండతన్నాయి బావూ. వరాలికి. శ్రావణంలో కానుపు" అంది. "మట్టి పోయించండి. ఇంకేటీ అడగను. తట్టలు మాయే, సేతులు మాయే. మీ నేల మీద పొయ్యడానికి సరేనంటే సాలు. దాని తల్లిని ఆ ఒడ్డునే ఒగ్గేసినాను. దీన్ని నిచ్చెన మీంచి దించలేను."

ఆయన ఆవిడను దగ్గరికి రమ్మన్నారు. తర్వాత, జీవితమంతా బయట ఎవరికీ చెప్పని సంగతి ఆవిడకు చెప్పేశారు. తల్లికి వేసిన ఒట్టు, గెడ్డ భయం, కల్యాణమండపం, సంతకం, అన్నీ. దాచకుండా, మెల్లగా, మధ్యలో దగ్గుతూ చెప్పారు. "పదవి పోతాదని భయమే పైడమ్మా. ఇంకేటీ లేదు" అన్నారు.

పైడమ్మ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "నీళ్ళు ఎక్కువై నూకాలు పోయినాదనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది. "మీ భయానికి నా కూతుర్ని ఇచ్చీసినానన్నమాట."

లక్షుమునాయుడు తల వంచుకున్నారు. ఆ తల అలా వంగడం నేను ఎన్నడూ చూడలేదు, ఏ ముఖ్యమంత్రి ముందూ వంగలేదు. "ఇప్పుడు పోడానికి నాకేటీ లేదు. సంతకం పెడతాను. నేనే నడుస్తాను. నడవలేకపోతే కుర్చీలో మోయించుకుని దాటుతాను. అటేపుకొచ్చి నీ చేతి గంజి తాగే పోతాను" అన్నారు.

"గంజి దేవుడెరుగు బావూ. మట్టి పొయ్యండి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆయన కొడుకును పిలిచి కాగితాలు తెమ్మన్నారు. కన్నంనాయుడు క్యాలెండరు చూశాడు. "రేపటినుంచి ఆషాఢం నాన్నా. శూన్యమాసంలో కొత్త పని మొదలెడతామా? శ్రావణం రానీ, మొదటి శుక్రవారం పెట్టుకుందాం" అన్నాడు. ముసలాయనకు కోపం వచ్చి లేవబోయారు. లేవలేకపోయారు. లేవలేక, "సరేలే, మంచి రోజే చూడు" అన్నారు. జీవితమంతా మంచిరోజులు చూసి బతికిన మనిషి, ఆఖరికి ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయారు. చెప్పి ఉంటే బాగుండేది. బీరువా అద్దం వెనక నేను ఎంత కొట్టుకున్నా ఏం లాభం.

ఆషాఢం సగంలో ఆయన పోయారు.

పెద్ద పెద్దవాళ్ళు వచ్చారు. బజారు మూసేశారు. వాళ్ళ కులంలో సొంత నేలలోనే దహనం చేస్తారు. కన్నంనాయుడు వంతెన కింది ఆ నేలను చూపించాడు. "నాన్న చివరి మాట ఈ వంతెన గురించే. ఇక్కడే ఉంటాడు" అని మైకులో చెప్పి ఏడ్చాడు. అతని కన్నీళ్ళ సంగతి నాకు తెలియదు, నేను అప్పుడు పెట్టెలో ఉన్నాను.

శూన్యమాసంలో రోడ్డు వెయ్యకూడదు గాని సమాధి కట్టొచ్చట. మేస్త్రీలు రేయింబవళ్ళు పని చేశారు. కన్నంనాయుడు నన్ను పెట్టెలోంచి తీసి మొదటి ఇటుకకు సిమెంటు రాశాడు. నేను ముట్టిన పనుల్లో అంత తొందరగా పూర్తయింది మరొకటి లేదు. తెల్లరాతి గట్టు, చుట్టూ మోకాలెత్తు గోడ, తలవైపు రాతి పలకలో ఒక గూడు. ఆ గూట్లో నన్ను నిలబెట్టి అద్దం బిగించారు. పక్కన ఫలకం మీద 'ప్రజలకు బాటలు వేసిన చేయి' అని చెక్కించారు. సరిగ్గా మట్టి పడవలసిన చోటే ఇదంతా లేచింది.

పెద్దకర్మకు నాయకులు వస్తారని వంతెన కొసన ఉన్న వెదురు నిచ్చెన తీసేశారు. చూడ్డానికి అసహ్యంగా ఉందన్నారు. ఆ వెదుళ్ళు షామియానా గుంజలకు పనికొచ్చాయి. భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. నిచ్చెన తిరిగి కట్టాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వాన మొదలైంది, నీలాడవలస వాళ్ళు వెదురు నరుక్కురావడానికి కొండకు వెళ్ళలేకపోయారు.

శ్రావణం రాకముందే వరాలికి నొప్పులొచ్చాయి. వాన ఆగీ ఆగకుండా పడుతున్న పొద్దుటిపూట, వంతెన మీదుగా డోలీ వచ్చింది. వరాలి మొగుడు, ఇంకో ముగ్గురు మోస్తున్నారు, పక్కన పైడమ్మ గొడుగు పడుతోంది. కొసకు వచ్చి ఆగారు. కింద నేను, తెల్లరాయి. వెనక సొంటిగెడ్డ ఒడ్డులు దాటి పోతోంది. రోడ్డు మీద అంబులెన్స్ వచ్చి ఆగింది. దాని డ్రైవరు దిగి, చేతులు రెండూ నడుం మీద పెట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. మరి ఏం చేస్తాడు.

ఒకడు దూకి, కాలు మడతపడినా లేచి, నిచ్చెన కోసం ఊళ్ళోకి కుంటుతూ పరిగెత్తాడు. ఆ నిచ్చెన వచ్చేదాకా ఆగే పరిస్థితి లేదు. డోలీలో పరిచిన చీరలు ముడేసి, డోలీకి కట్టి, పైనుంచి మెల్లగా దించారు. వరాలి అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. డోలీ దిగిన చోటు సమాధి గట్టు. అక్కడినుంచి కదపలేకపోయారు. పైడమ్మ ఆ చీరలే పట్టుకుని జారి వచ్చింది, అరచేతులు ఒరుసుకుపోయాయి. లక్షుమునాయుడి తలవైపు, నా ముందు, ఆ తెల్లరాయి మీద వరాలు ప్రసవించింది. ఆడపిల్ల. ఏడ్చింది. రక్తం ఆగలేదు. వానకు కడుక్కుపోతూ గోడ మూలకు చేరి అక్కడ నిలిచింది. అంబులెన్స్ దాకా మోసుకెళ్ళేసరికి వరాలు లేదు.

పైడమ్మ పసిదాన్ని కొంగులో చుట్టుకుని గట్టు అంచున కూర్చుంది. ఎవరు పిలిచినా లేవలేదు. ఫలకం మీద అక్షరాలు చూస్తూ ఉండిపోయింది. ఆవిడకు చదవడం రాదు.

మూడోరోజు వాన తెరిపి ఇచ్చింది. నీలాడవలస మొత్తం వంతెన మీదికి వచ్చింది, తట్టలతో, పారలతో. అవతలి గట్టు తవ్వి మట్టి మోసుకొచ్చారు. కొసదాకా వచ్చి మగవాళ్ళు ఆగిపోయారు. సమాధి మీద మట్టి పోసి, దాని మీద కాళ్ళతో నడవడమా? తలలు గోక్కున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో కబురంది కన్నంనాయుడు వచ్చాడు, వెంట పోలీసులు.

"పైడమ్మా, అది సమాధి. మా నాన్న ఉన్నాడక్కడ" అన్నాడు కిందినుంచి.

"తెల్సు బావూ. నా పిల్ల పోయినాది కూడా దాని మీదే" అంది పైడమ్మ పైనుంచి. చంకలో మూడురోజుల పసిగుడ్డు. "ఈ గెడ్డ మమ్మల్ని దాటిస్తానని ఆయన మా అందరి ముందూ అన్నాడు. నలభై ఏళ్ళు కాసుకున్నాం. దాటించమను."

అని, పక్కనున్నవాడి తట్ట ఒంటిచేత్తో లాక్కుని కుమ్మరించింది. ఆ మట్టి తెల్లరాయి మీద పడిన చప్పుడు విని నేను ఉలిక్కిపడ్డాను. కన్నంనాయుడు పోలీసుల వైపు చూశాడు, వంతెన నిండా ఉన్న జనం వైపు చూశాడు, ఉపఎన్నిక సంగతి కూడా తలచుకునే ఉంటాడు. చెప్పులు విడిచి, తండ్రి సమాధికి దండం పెట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత ఒక్కో తట్టా పడింది. గట్టు మునిగింది, గోడ మునిగింది, ఫలకం మునిగింది. నా అద్దం మీదికి మట్టి వచ్చేటప్పుడు ఆఖరుగా చూసింది ఆకాశం ముక్క, ఎవరిదో బురదకాలు.

అప్పటినుంచి ఈ చీకట్లోనే ఉన్నాను. అద్దం పగిలింది. వెండి నల్లబడే ఉంటుంది, పిడికి చెద పట్టింది. రాళ్ళకు సిమెంటు రాసి రాసి ఏనాడూ చేయలేనిది, ఏమీ చేయకుండా మట్టి కింద పడి ఉండి చేస్తున్నాను. నా మీదుగా పాలవాళ్ళు వెళ్తారు, బడిపిల్లలు పరిగెడతారు. ఒకసారి డోలీ మోసేవాళ్ళ అడుగులు వినిపించాయి, అవే కంగారు అడుగులు. ఎక్కడ ఆగుతాయోనని నేను బిగుసుకుపోయాను. ఆగలేదు. ఏటవాలుగా దిగి రోడ్డెక్కిపోయాయి.

అందరి నడకా నాకు తెలుసు. పైడమ్మ నడక ఒక్కటే ఇక్కడ వినపడదు. ఆవిడ వంతెన మీద కొసదాకా వస్తుంది, అక్కడ ఆగుతుంది. ఈ మట్టి మీద కాలు పెట్టదు. పిల్లను చంకనేసుకుని, పక్కన తుప్పల్లోంచి, రాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి దిగి వెళ్తుంది.